బటన్ నొక్కితే ‘టక్’ అంటుంది, డిక్కీ తెరుచుకోదు: పాత స్పోర్ట్స్ కార్లలో కరెంటు గొళ్లెం ఎలా పనిచేస్తుంది?

#1 నీలికూపే

అందరికీ నమస్కారం. నా దగ్గర ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఉంది. డిక్కీకి బయట తాళంచెవి రంధ్రం లేదు. నాకంటే ముందున్న యజమాని మూత నున్నగా కనిపించాలని ఆ రంధ్రాన్ని పూడ్పించి, కరెంటుతో తెరుచుకునే గొళ్లెం పెట్టించారు. డాష్‌బోర్డు కింద ఒక బటన్, మూతలో ఒక సోలెనాయిడ్. అంతే.

రెండు నెలలుగా బటన్ నొక్కితే మూత లోపల ‘టక్’ మని చప్పుడు వస్తుంది గానీ గొళ్లెం విడదు. మూడోసారో నాలుగోసారో తెరుచుకుంటుంది. ఒకరు మూతను అరచేత్తో కిందికి అదిమి పట్టుకుని, ఇంకొకరు బటన్ నొక్కితే మాత్రం వెంటనే తెరుచుకుంటుంది. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి మరొకటి ఉంది. బ్యాటరీ ఉన్నది కూడా డిక్కీలోనే. అది దిగిపోతే డిక్కీ తెరవలేను. డిక్కీ తెరవకపోతే బ్యాటరీని అందుకోలేను. ప్రస్తుతం మూత తెరిచే ఉంది. మూయడానికి చేయి రావడం లేదు.

కొత్త సోలెనాయిడ్ కొనడం ఒక్కటే మార్గమా? అసలు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

#2 ఎర్రబానెట్

చెప్పేవారు చెబుతారు గానీ, ఈలోగా మూత మూయకండి. పరీక్షలన్నీ మూత తెరిచి ఉంచే చేయవచ్చు. గొళ్లెంలోని కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి ‘మూసిన’ స్థితికి తీసుకురండి, తర్వాత బటన్ నొక్కండి. విడిందో లేదో కళ్లముందే తెలుస్తుంది.

#3 రాగితీగ

నీలికూపే గారూ, సోలెనాయిడ్ కొనే ముందు ఒక్క పూట ఆగండి. ‘టక్’ మన్నదంటే అది బతికే ఉంది. దానికి సరిపడా తిండి అందడం లేదు.

సోలెనాయిడ్ అంటే సన్నని రాగితీగ చుట్టిన గొట్టం. లోపల ఒక ఇనుప కడ్డీ జారుతుంది, దాన్ని ప్లంజర్ అంటాం. కరెంటు పారగానే చుట్ట అయస్కాంతమై ప్లంజర్‌ను లోనికి లాక్కుంటుంది. ప్లంజర్‌కు తగిలించిన చిన్న లింకు గొళ్లెంలోని అడ్డుపన్నును పక్కకు లాగుతుంది. అడ్డుపన్ను తప్పుకోగానే కొక్కెం తన స్ప్రింగు బలంతో తిరిగి మూతను వదిలేస్తుంది. బటన్ వదిలితే ఇంకో స్ప్రింగు ప్లంజర్‌ను మళ్లీ బయటకు తోస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు పట్టుకోవాలి. ఒకటి, ప్లంజర్ ఎంత బయట ఉంటే లాగే బలం అంత తక్కువ. దానికీ లోపలి ఇనుముకూ మధ్య ఉన్న ఖాళీ సగానికి తగ్గితే బలం ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. అంటే మనకు బలం ఎక్కువగా కావలసిన మొదటి క్షణంలోనే దాని దగ్గర అతి తక్కువ బలం ఉంటుంది. రెండు, ఆ బలం కరెంటుతో సమానంగా కాక, కరెంటు వర్గంతో పెరుగుతుంది, అలాగే తగ్గుతుంది.

లెక్క వేసి చూద్దాం. చుట్ట నిరోధం 1.5 ఓమ్‌లు అనుకోండి. 12 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు పారుతుంది. దారిలో తుప్పు పట్టిన కనెక్టర్లు, వదులైన ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) కలిపి ఇంకో అర ఓమ్ చేరిందనుకోండి. మొత్తం 2 ఓమ్‌లు, కరెంటు 6 ఆంపియర్లు. పావు వంతే తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ బలం 56 శాతానికి పడిపోయింది. ‘టక్’ మనడానికి ఆ బలం చాలు. అడ్డుపన్నును లాగడానికి చాలదు.

సోలెనాయిడ్ దగ్గర వోల్టేజీ ఎంత వస్తుందో చూశారా?

#4 నీలికూపే

చూశాను. సోలెనాయిడ్ కనెక్టరు ఊడదీసి మల్టీమీటరు పెట్టి బటన్ నొక్కితే 12.4 వోల్టులు వచ్చింది. అందుకే వైరింగు బాగానే ఉందని, చెడింది సోలెనాయిడే అని అనుకున్నాను.

#5 రాగితీగ

చాలామంది పొరపడేది ఇక్కడే. కనెక్టరు ఊడదీసినప్పుడు ఆ వైరులో కరెంటు పారదు. కరెంటు పారకపోతే తుప్పు పట్టిన జాయింటు కూడా 12 వోల్టులే చూపిస్తుంది. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరుకు తేడా తెలియదు. కనెక్టరు తగిలించి, బటన్ నొక్కి పట్టుకుని కొలవాలి.

నాలుగు కొలతలు పంపండి: బ్యాటరీ రెండు కొసల మధ్య, సోలెనాయిడ్ రెండు కొసల మధ్య, బ్యాటరీ పాజిటివ్ నుంచి సోలెనాయిడ్ పాజిటివ్‌కు, సోలెనాయిడ్ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు. ఒక్కో కొలతకు రెండు సెకన్లకు మించి బటన్ పట్టుకోకండి. 8 ఆంపియర్ల దగ్గర ఆ చిన్న చుట్టలో దాదాపు 100 వాట్ల వేడి పుడుతుంది. అది క్షణకాలం పనిచేయడానికి చేసిన వస్తువు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి, చుట్ట 50 డిగ్రీలు వేడెక్కితే లాగే బలం సుమారు 30 శాతం తగ్గిపోతుంది. విసుగెత్తి పదే పదే నొక్కేకొద్దీ డిక్కీ మరింత మొండికేయడం అందుకే.

#6 ఇనుపచేయి

అన్ని కార్లలోనూ సోలెనాయిడే ఉండదని చదివేవారి కోసం ఒక మాట. పోర్షె 944 వెనుక అద్దపు తలుపుకు రెండు మూలల్లో రెండు గొళ్లేలు ఉంటాయి. రెంటినీ ఒకేసారి లాగడానికి ఒక మోటారు, వేగం తగ్గించి బలం పెంచే గేర్లు ఉంటాయి. మోటారు పద్ధతిలో బలం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా అందుతుంది. ప్లంజర్‌కు ఉన్న ‘మొదట్లో నీరసం’ దీనికి లేదు. బదులుగా గేరు పళ్లు అరుగుతాయి. బటన్ నొక్కితే మోటారు తిరుగుతున్న చప్పుడు సాగుతూనే ఉండి తలుపు కదలకపోతే ముందుగా గేరునే అనుమానించాలి. ఆ తలుపు కింద ఉండే రెండు పిన్నుల ఎత్తు సరిగ్గా లేకపోయినా అదే గతి. ఒక మూల విడుతుంది, రెండోది పట్టుకునే ఉంటుంది.

1982 నుంచి 1992 దాకా వచ్చిన షెవ్రొలే కమారోలో ఇంకో తమాషా ఉంది. వెనుక తలుపును తేలికగా ఆనిస్తే చాలు, గొళ్లెం పట్టుకోగానే ఒక మోటారు దాన్ని కిందికి లాగి రబ్బరు మీద బిగిస్తుంది. తెరవడానికి సోలెనాయిడ్, బిగించడానికి మోటారు. తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే ఏ సగం చెడిందో ముందు తేల్చుకోవాలి. చెవి ఆనించి వింటే సగం జవాబు దొరుకుతుంది. ‘టక్’ మంటే సోలెనాయిడ్, ‘గుర్ర్’ మంటే మోటారు, నిశ్శబ్దమైతే ఫ్యూజో బటనో తెగిన వైరో.

#7 తుప్పుశత్రువు

ఫైబర్‌గ్లాస్ అన్న మాట వినగానే నా వేలు ఎర్త్ వైపే చూపిస్తుంది. ఇనుప బాడీ కారులో ఎక్కడ స్క్రూ బిగించినా ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. 1953 నాటి కార్వెట్ అయినా, 1962 నాటి లోటస్ ఎలాన్ అయినా బాడీ ప్లాస్టిక్, కింద ఛాసిస్ ఇనుము. డిక్కీ మూతలో ఉన్న ప్రతి వస్తువుకూ వెనక్కి వెళ్లే నల్ల వైరు విడిగా ఉండి తీరాలి. నీలికూపే గారూ, మీ సోలెనాయిడ్ నల్ల వైరు ఎక్కడికి వెళుతుందో చివరి దాకా వేలితో పట్టుకుని చూడండి. ‘అక్కడికే వెళ్తుంది’ అని ఊహించుకోకండి.

#8 నీలికూపే

కొలిచాను. బటన్ నొక్కి ఉన్నప్పుడు:

బ్యాటరీ దగ్గర 12.3
సోలెనాయిడ్ దగ్గర 8.9
పాజిటివ్ దారిలో నష్టం 0.7
ఎర్త్ దారిలో నష్టం 2.7

చుట్ట నిరోధం సరిగ్గా 1.5 ఓమ్‌లే వచ్చింది.

#9 రాగితీగ

చక్కగా కొలిచారు, కూడితే 12.3 పక్కాగా సరిపోయింది. మీ చుట్టలో పారుతున్నది 5.9 ఆంపియర్లు. నష్టం లేకపోతే 8.2 పారాలి. అంటే మీ సోలెనాయిడ్ సగం బలంతోనే పనిచేస్తోంది. దాన్ని మార్చి కొత్తది పెట్టినా ఇదే సగం బలం వచ్చేది, ‘కొత్తది కూడా నాసిరకమే’ అని మీరు బాధపడేవారు. తుప్పుశత్రువు గారి వేలు సరైన వైపే చూపించింది. ఎర్త్ దారిలో దాదాపు అర ఓమ్ దాక్కుని ఉంది. వెతకండి.

#10 నీలికూపే

దొరికింది! మూతలోని నల్ల వైరును మూత బందుకు స్క్రూతో బిగించారు. బందు రెండో రెక్క నుంచి ఇంకో వైరు ఛాసిస్‌కు వెళుతోంది. అంటే ఇన్నాళ్లూ కరెంటు బందు పిన్ను గుండానే పారుతోంది. ఆ పిన్ను మీద రంగు, తుప్పు, ఎండిన గ్రీజు. ఎవరో ఇనుప బాడీ అలవాటుతో చేసిన పని అయి ఉంటుంది.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకటి సోలెనాయిడ్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు వేశాను. బందు దగ్గర మూత ఎత్తినా దించినా లాగకుండా ఒక సుడి వదిలి, రబ్బరు గొట్టం తొడిగాను. ఇప్పుడు నొక్కితే సోలెనాయిడ్ దగ్గర 11.1 వోల్టులు. స్క్రూడ్రైవరుతో మూసిన కొక్కెం ప్రతిసారీ ‘ఠాప్’ మని విడుతోంది. చప్పుడే మారిపోయింది!

#11 ఇనుపచేయి

సంతోషం. కానీ ఆగండి. స్క్రూడ్రైవరుతో మూసిన కొక్కెం మీద బరువు లేదు. మీరు మొదటి పోస్టులోనే ఒక ముఖ్యమైన సాక్ష్యం చెప్పారు: అరచేత్తో అదిమితే తెరుచుకుంటుంది. అదిమినంత మాత్రాన వోల్టేజీ పెరగదు కదా. కాబట్టి గొళ్లెం వైపు కూడా పని ఉంది.

మూత చుట్టూ ఉన్న రబ్బరు మూతను పైకి తోస్తుంది. ఆ తోపు కొక్కేన్ని లాగి, కొక్కెం అడ్డుపన్ను మీద ఒత్తిడి పెడుతుంది. అడ్డుపన్నును పక్కకు జరపాలంటే ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడిని గెలవాలి. రబ్బరు కొత్తదైతే తోపు ఎక్కువ. ఎండిన గ్రీజు ఉంటే రాపిడి ఎక్కువ. చేత్తో అదిమినప్పుడు మీరు చేస్తున్నది అడ్డుపన్ను మీద బరువు తీసేయడమే.

గొళ్లెం విప్పి, పాత గ్రీజును కిరోసిన్‌తో కడిగి, పలుచగా కొత్త గ్రీజు పూయండి. మూతలోని గొళ్లెం కింద పట్టుకునే కమ్మీని కొద్దిగా, అర మిల్లీమీటరు చొప్పున పైకి జరిపి చూడండి. రబ్బరు మీద బిగింపు తగ్గుతుంది. మరీ జరిపితే వాన నీరు లోపలికి వస్తుంది, ఆ గీత దాటకండి. ఇక ప్లంజర్ లింకులో వదులు ఉంటే పూర్తిగా తీసేయండి, లాగుడంతా వృథా కాకుండా అడ్డుపన్నుకే చేరాలి.

#12 మడతబందు

గొళ్లెం గురించి చెప్పినదంతా అక్షరాలా ఒప్పుకుంటాను. చివరి వాక్యం మాత్రం ఒప్పుకోను. లింకులో వదులు పూర్తిగా తీసేస్తే, ప్లంజర్ అత్యంత నీరసంగా ఉన్న చోటే అడ్డుపన్ను బరువు మొత్తం దాని మీద పడుతుంది. రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచితే ప్లంజర్ ఖాళీగా కదిలి వేగం అందుకుంటుంది, ఖాళీ తగ్గి బలం పెరుగుతుంది, అప్పుడు అడ్డుపన్నును సుత్తితో కొట్టినట్టు తాకుతుంది. తోసి మేకు దించడానికీ కొట్టి దించడానికీ ఉన్న తేడా అది.

#13 ఇనుపచేయి

ఆలోచించాను. మోటారు గొళ్లేలతో ఎక్కువ పనిచేసిన అలవాటుతో అలా రాశాను. మోటారుకు వదులు దండుగ, సోలెనాయిడ్‌కు కొంత అవసరం. నా మాట సరిదిద్దుకుంటున్నాను. ఒక్క షరతు మాత్రం కలపాలి. ప్లంజర్ మొత్తం నడక పది మిల్లీమీటర్లు ఉండి, అడ్డుపన్ను పూర్తిగా తప్పుకోవడానికి ఆరు కావాలంటే, వదులు రెండు మూడు మించకూడదు. ప్లంజర్‌ను చేత్తో చివరి దాకా నెట్టి, కొక్కెం పూర్తిగా విడిందని చూశాకే బిగించండి.

#14 కొత్తచక్రం

చదువుతుంటే నా సందేహం కూడా అడగాలనిపించింది. నాది 1963 నాటి కారు, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది). డిక్కీ తీగ లాగితే తెరుచుకునే రకం, దానికి సోలెనాయిడ్ పెట్టాలనుకుంటున్నాను. ధ్రువాలు తిరగబడితే సోలెనాయిడ్ తోస్తుందా?

#15 రాగితీగ

తోయదు. సాదా సోలెనాయిడ్‌లో కరెంటు ఎటు పారినా ప్లంజర్ లోనికే వెళుతుంది. మోటారు అయితే మాత్రం వెనక్కి తిరుగుతుంది. మీరు జాగ్రత్తపడవలసినది డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) దగ్గర. బటన్ వదిలిన క్షణంలో చుట్టలోని అయస్కాంత శక్తి ఎదురు వోల్టేజీగా వందల వోల్టుల దాకా ఎగసి, బటన్ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుట్టిస్తుంది. కాంటాక్టులు కాలి నల్లబడేది అలాగే. చుట్టకు అడ్డంగా ఒక డయోడు పెడితే ఆ శక్తి అందులోనే తిరిగి చల్లారుతుంది. డయోడు మీద గీత ఉన్న కొస ఎప్పుడూ పాజిటివ్ వైపుకే ఉండాలి. మీ కారులో పాజిటివ్ అంటే బాడీ, అది మరిచిపోతే బటన్ నొక్కగానే ఫ్యూజు పోతుంది. జాగ్వార్ ఈ-టైప్‌లో 3.8 లీటర్లది పాజిటివ్ ఎర్త్, 1964లో వచ్చిన 4.2 నెగటివ్ ఎర్త్. ఎంజీబీ కారు 1967లో నెగటివ్ ఎర్త్ అయింది. మధ్యలో ఎవరైనా మార్పించి ఉండవచ్చు కాబట్టి, పుస్తకం చెప్పినా బ్యాటరీ దగ్గర కళ్లతో చూసుకోండి.

బ్రిటిష్ కారైతే కరెంటు ఊదా రంగు వైరు నుంచి తీసుకోండి. ఆ కార్లలో ఉండే లూకస్ కంపెనీ వైరింగులో గోధుమ రంగుది ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి వచ్చేది, ఊదా రంగుది ఫ్యూజు గుండా ఎప్పుడూ కరెంటు ఉండేది, ఆకుపచ్చది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది.

#16 ఎర్రబానెట్

నేను గోధుమ రంగు వైరు నుంచే లావుపాటి వైరు లాగి, మధ్యలో బటన్ పెట్టుకున్నాను. మూడేళ్లుగా బాగానే ఉంది. ఇంత హంగామా అవసరమా?

#17 తుప్పుశత్రువు

ఎర్రబానెట్ గారూ, దయచేసి ఈ వారమే మార్చండి. నా స్నేహితుడి కారులో అచ్చం ఇలాగే ఉండేది. ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, సోలెనాయిడ్‌కు వెళ్లే వైరు రెండూ ఒకే గొట్టంలో ఇనుప అంచు మీదుగా వెళ్లేవి. తొడుగు రాసుకుపోయి రెండూ తగులుకున్నాయి. వేగంగా వెళుతుండగా డిక్కీ మూత లేచింది. ఆయన సర్దుకుని పక్కకు ఆపగలిగారు, వెనుక వస్తున్నవారు దూరంగా ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఫ్యూజు లేదు కాబట్టి సోలెనాయిడ్ పొగ వచ్చే దాకా కాలుతూనే ఉంది.

రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) బ్యాటరీ పక్కన పెట్టండి. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే మీద 30 అని రాసి ఉన్న కొస, 87 కొస నుంచి సోలెనాయిడ్. అప్పుడు మూతకు వెళ్లే వైరులో బటన్ నొక్కిన క్షణం తప్ప కరెంటే ఉండదు. బటన్‌కు వెళ్లే వైరులో రిలే చుట్టకు కావలసిన 150 మిల్లీ ఆంపియర్లే పారుతాయి, సన్న వైరు చాలు.

#18 మడతబందు

దీనికి ఇంకో కాపలా జోడించవచ్చు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటేనే డిక్కీ తెరుచుకునేలా. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు స్విచ్ హెచ్చరిక దీపాన్ని ఎర్త్‌కు కలుపుతుంది. రిలే చుట్ట రెండు కొసల్లో 86ను బటన్‌కు, 85ను నేరుగా ఎర్త్‌కు కాకుండా ఆ స్విచ్‌కు తగిలించండి (నెగటివ్ ఎర్త్ కారులో).

ఇందులో ఒక మడత పేచీ ఉంది, నాకు ఒక రోజంతా పట్టింది. తాళం తీసేసి, హ్యాండ్‌బ్రేకు దించి ఉన్నా బటన్ నొక్కితే డిక్కీ తెరుచుకునేది. రిలే చుట్ట నుంచి కరెంటు హెచ్చరిక దీపం గుండా వెనక్కి వెళ్లి, తాళం వైపు ఉన్న మిగతా పరికరాల గుండా ఎర్త్‌ను చేరుకునేది. చల్లగా ఉన్న దీపం నిరోధం కొద్ది ఓమ్‌లే, రిలేకు అది అడ్డే కాదు. దీపం వైరులో ఒక డయోడు పెట్టాను, దీపం నుంచి స్విచ్‌కు పారేలా, వెనక్కి పారకుండా. అప్పటి నుంచి తిరుగు లేదు.

#19 ఎర్రబానెట్

తుప్పుశత్రువు గారూ, చదివాక గ్యారేజీకి వెళ్లి చూశాను. నా రెండు వైర్లు కూడా ఒకే అంచు మీదుగా వెళుతున్నాయి, తొడుగు మీద మెరుపు గీత పడి ఉంది. బ్యాటరీ ఊడదీశాను. రిలే పెట్టే దాకా కారు కదలదు.

#20 నీలికూపే

రిలేను నేను కూడా బ్యాటరీ పక్కన పెట్టేశాను. పాజిటివ్ దారి నష్టం 0.2కు దిగింది, సోలెనాయిడ్‌కు 11.8 అందుతోంది. గొళ్లెం కడిగాను, వదులు రెండు మిల్లీమీటర్లు ఉంచాను. ఇక మిగిలింది నా అసలు భయం: బ్యాటరీ దిగిపోతే?

#21 రాగితీగ

రెండు దారులు, రెండూ పెట్టండి.

మొదటిది కరెంటు దారి. సోలెనాయిడ్ పాజిటివ్ కొసకు ఒక వైరు కలిపి, ఫ్యూజుతో సహా కారు కింద కనబడని చోట చివర మూతవేసి దాచండి. ఛాసిస్ ఎటూ నెగటివే. బ్యాటరీ దిగిన రోజు బయటి 12 వోల్టుల చిన్న బ్యాటరీని ఒక్క క్షణం తాకిస్తే చాలు. రిలే కాంటాక్టులు విడిగా ఉంటాయి కాబట్టి చచ్చిన బ్యాటరీ ఆ కరెంటును తాగేయదు, అంతా సోలెనాయిడ్‌కే వెళుతుంది. సిగరెట్ లైటర్ గుండా కారు మొత్తానికి కరెంటు ఎక్కించే పద్ధతిలో దిగిపోయిన బ్యాటరీయే ముందు కడుపు నింపుకుంటుంది. పోర్షె 997లో ముందు మూత కోసం ఫ్యూజు పెట్టెలోనే బయటకు లాగే పాజిటివ్ కొస ఇచ్చారు. తయారీదారులే అలా ఆలోచించారంటే మనం పెట్టుకోవడంలో అతి ఏమీ లేదు.

#22 ఇనుపచేయి

రెండోది నేను చెబుతాను, ఇది లేకుండా ఏ కరెంటు గొళ్లేన్నీ నమ్మను. చుట్ట కాలిపోతే బయటి బ్యాటరీ కూడా ఏమీ చేయలేదు. అడ్డుపన్నుకు సన్నని ఉక్కు కేబుల్ ఒకటి తగిలించి, నంబరు ప్లేటు దీపం వెనక్కో సీటు వెనుక తివాచీ కిందికో తీసుకురండి. ప్లంజర్ లింకును కాకుండా నేరుగా అడ్డుపన్నునే పట్టాలి. పాత పోర్షె 911లో ముందు మూత కేబుల్ తెగి, లోపలున్న బ్యాటరీని చేరలేక అవస్థ పడినవారిని అడగండి, విడి కేబుల్ విలువ వారే చెబుతారు. కేబుల్‌లో కొంచెం వదులు ఉంచండి, లేకపోతే మూత కదిలినప్పుడు అదే గొళ్లేన్ని లాగేస్తుంది.

#23 నీలికూపే

నంబరు ప్లేటు దీపం వెనుక చోటు ఉంది. కేబుల్ చివర ఒక రింగు కట్టి అక్కడ దాచాను. మూత తెరిచి ఉంచి ఇరవై సార్లు లాగి చూశాను.

#24 నీలికూపే

ఈ ఉదయం బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఊపిరి బిగబట్టి మూత మూశాను. కేబుల్ లాగాను, తెరుచుకుంది. మళ్లీ మూసి, కారు కింది వైరుకు చిన్న బ్యాటరీ తాకించాను, తెరుచుకుంది. నెగటివ్ బిగించి, మూడోసారి మూసి, బటన్ నొక్కాను. మూత మీద ఎవరి చేయీ లేదు. ‘ఠాప్’ మని తెరుచుకుని, రబ్బరు తోపుకు రెండు వేళ్లు పట్టేంత పైకి లేచి నిలబడింది.